బుగ్గచుక్కతో సహా చెరిపేయండి

పెళ్లి ఫోటోల ఎడిటింగ్‌లో చెయ్యి తిరగాలంటే ఏం చేయాలని కొత్తగా కెమెరా కొన్న తమ్ముళ్లు అడుగుతుంటారు. ఇరవై రెండేళ్లుగా ఈ పనిలోనే ఉన్నాను. నేను చేసినవీ, పక్కవాళ్లు చేస్తుంటే చూసి నేర్చుకున్నవీ దాచుకోకుండా చెబుతాను.

ముందుగా, ఏరడం మానేయండి. 4,800 ఫోటోలు తీశారా, 4,800 ఎక్కించి మొదటిదాని నుంచే పని మొదలుపెట్టండి. తలంబ్రాల దగ్గర బటన్ మీద వేలు తీయకుండా నొక్కారు కదా, ఆ 180 ఫోటోల్లో పెళ్లికొడుకు 170 సార్లు కళ్లు మూసుకునే ఉంటాడు. నెత్తిన బియ్యం కుమ్మరిస్తుంటే ఎవరు మాత్రం తెరుస్తారు! అయినా ఒక్కటీ తీసేయొద్దు. రాళ్లు ఏరే పని పెళ్లివారిది. పెన్‌డ్రైవ్ చేతిలో పెట్టి "సెలెక్షన్ మీరే చేసుకోండి అంకుల్" అంటే సరి. ఆల్బమ్‌లో పట్టేవి ఏ మూడు వందలో. అవి ఏరి మీకు పంపేసరికి అమ్మాయికి సీమంతం వస్తుంది. ఆ ఆర్డరూ మీదే.

రా ఫైళ్ల జోలికి పోవద్దు. 14 బిట్ల రా ఫైల్‌లో ఒక్కో రంగుకు 16,384 మెట్లుంటాయి, జేపెగ్‌లో 256. అలిపిరి నుంచి కొండకే 3,550 మెట్లు, అంతకుమించి ఎక్కే ఓపిక ఎవరికుంది? మండపం లైట్ల కింద మధుపర్కం నేత కొట్టుకుపోతే తిరిగి రాబట్టడానికి ఆ మెట్లు పనికొస్తాయంటారు. తెల్లచీర తెల్లగా ఉంటే ఎవరికి నష్టం?

పనికి మంచి సమయం రాత్రి రెండు గంటలు. గదిలో లైటు ఆర్పేసి, ల్యాప్‌టాప్ వెలుతురు చివరికంటా పెంచుకోండి. తెర అంతలా వెలుగుతుంటే ప్రతి ఫోటో ఎక్కువ తెల్లగానే కనిపిస్తుంది, మీరు కొంచెం తగ్గిస్తారు. ఆల్బమ్ వచ్చాక పెళ్లి మొత్తం అమావాస్య నాడు జరిగినట్టుంటుంది. అప్పుడు "ల్యాబ్‌వాడు నల్లగా కొట్టాడండీ" అనాలి. ఈ మాట నోటికి రావడం మన వృత్తిలో మొదటి పాఠం. మానిటర్‌ను సరిచేసే కాలిబ్రేటర్ అని ఒకటి దొరుకుతుంది గానీ, ఆ డబ్బుతో డ్రోన్‌కు ఇంకో బ్యాటరీ కొనుక్కోవచ్చు.

ఇక అసలు విద్య, అమ్మాయిని తెల్లగా చేయడం. అడగకముందే చేయాలి. పెళ్లికూతురు చామనఛాయగా ఉందంటే అది మీ కెమెరా తప్పే అనుకోండి. చర్మం రంగు ఎక్కువగా ఆరెంజ్‌లో ఉంటుంది కాబట్టి లైట్‌రూమ్‌లో ఆరెంజ్ లూమినెన్స్ పట్టుకుని కుడివైపు జరుపుతూ పోండి. మూడు రోజుల ముందు అత్తలూ పిన్నులూ నలుగు పెట్టి తెచ్చిన పసుపు ఛాయ ఒక్క జరుపుడుకు పోతుంది. చిక్కల్లా బంగారంతోనే. అదీ ఆ చుట్టుపక్కల రంగుల్లోనే కాపురం ఉంటుంది. అమ్మాయి తెల్లబడేసరికి కాసులపేరు, వడ్డాణం కూడా వెలవెలబోతాయి. అమ్మాయి రంగు మారితే మెచ్చుకున్న వాళ్లే బంగారం రంగు మారితే ఊరుకోరు. "తులాలు తులాలు పెట్టాం, వెండిలా ఉందేంటయ్యా?" అని ఫోన్ వస్తుంది. అప్పుడు నగలను ఒక్కొక్కటీ మాస్క్ చేసి పాత రంగుకు తెచ్చుకోవాలి. ఆ హడావుడిలో చేతులు మర్చిపోతాం. మొహం ఒక ఊరిది, చేతులు ఇంకో ఊరివి అవుతాయి. గోరింటాకు ఎర్రగా పండింది కాబట్టి చాలామంది చూడరు. నా ఆల్బమ్ ఒకటి చూసి వాళ్ల నాయనమ్మ మాత్రం అడిగింది, "ఈ పిల్ల ఎవరు?" అని. కళ్లజోడు మార్చుకోమన్నాను.

చర్మం నున్నన చేయడానికి ఇప్పుడు బ్రష్షు కూడా పట్టక్కర్లేదు. ఒక్క నొక్కుకు మచ్చలన్నీ పోయే సాఫ్ట్‌వేర్లు వచ్చాయి. వాటికి మొటిమా ఒకటే, పుట్టుమచ్చా ఒకటే. దిష్టి తగలకూడదని మేనత్త కాటుకతో పెట్టిన బుగ్గచుక్క కూడా వాటి కంటికి మచ్చే. మా కుర్రాడు ఒక పెళ్లి మొత్తానికి, పెళ్లికొడుకుతో సహా, చుక్కలన్నీ చెరిపేశాడు. పెళ్లివారు గమనించలేదు. నేనూ చెప్పలేదు. అలవాటు చేసుకోవాల్సింది అదే.

బ్యాకప్పా? మూడు కాపీలు, రెండు రకాల పరికరాలు, ఒకటి వేరే చోట అని పీటర్ క్రోగ్ అనే ఫోటోగ్రాఫర్ పుస్తకం రాసి మరీ చెప్పాడు. మనకు "ఫైనల్", "ఫైనల్ 2", "అసలు ఫైనల్" అని మూడు ఎలాగూ ఉంటాయి, ఒకే డిస్క్‌లో.

ఇదంతా కంప్యూటర్లు తెచ్చిన పాపం అనుకోవద్దు. ఫోటోషాప్ వచ్చింది 1990లో. టచింగ్ అంతకు చాలా ముందే ఉంది. మొహం మీది నల్లమచ్చ నెగటివ్‌లో అద్దంలా పారదర్శకంగా ఉంటుంది. సన్నగా చెక్కిన పెన్సిల్‌తో అక్కడ మెల్లగా రాస్తే, ప్రింట్‌లో మచ్చ మాయం. మా ఊరి స్టూడియోలో ఆ పని చేసే పెద్దాయన చెయ్యి ఎంత గట్టిదంటే, భూతద్దం పెట్టి చూసినా రాసినట్టు తెలిసేది కాదు. మా అమ్మానాన్నల పెళ్లి ఫోటో ఆయన చేతి మీదుగానే వచ్చింది.

అమ్మకు గడ్డం మీద పుట్టుమచ్చ ఉండేది. ఆమె పోయి పదిహేనేళ్లయింది. అది కుడివైపు ఉండేదని నేనంటాను, ఎడమవైపని అన్నయ్య అంటాడు. అమ్మ మొహం దగ్గరగా కనిపించే ఫోటో ఇంట్లో అదొక్కటే. గడ్డం రెండు వైపులా నున్నగా ఉంది.