ఆ మందు ఎవరికి నాయనా?

మా రోజుల్లో హిందూపురంలో మందుల షాపుకొస్తే బేరం అంత సులువుగా తెగేది కాదు. "ఎవరికబ్బా మందు? ఎన్నాళ్ల నుంచి దగ్గు? ఇంకేమన్నా మాత్రలు మింగుతాండారా?" అని ఆరా తీసిందాకా బీరువా తెరిచేవాళ్లం కాదు. ఇప్పుడో? ఫోన్లో ఫొటో చూపిస్తారు, కౌంటర్లో పిల్లోడు స్ట్రిప్పు కత్తిరిస్తాడు, ఫోన్‌పే అరుస్తుంది, అయిపాయె. గోడమీద డి.ఫార్మసీ సర్టిఫికెట్టు వేలాడుతుంటుంది. దాని సొంతదారు ఏ ఊళ్లో ఉన్నాడో పెనుకొండ దర్గా బాబయ్యకే తెలియాలి!

జబ్బు మందుల సంగతే కాదు, కండల సంగతీ అంతే. కండలకు మాకు రాగిసంగటి, ఊరుబిండి, పెనుకొండ కొండ చాలు. ఇప్పుడు జిమ్ములో చేరిన వారానికే పొడి డబ్బా. దానిమీద సింహం బొమ్మ ఉంటుంది, చేసినవాడి చిరునామా ఉండదు. అలాగని మా కాలం మడి కట్టుకుందనను. కండలు పెంచే స్టెరాయిడ్ డయనబాల్ మాత్ర 1958లోనే అమ్మకానికొచ్చింది. ఒలింపిక్స్‌లో స్టెరాయిడ్ పరీక్షలు 1976లో గానీ రాలేదు. పట్టేవాడు లేనన్నాళ్లూ అందరూ దొరలే.

ఇప్పుడు పట్టేవాళ్లున్నారు. నా గొణుగుడు దొంగల గురించి కాదు, జలుబు చేసినవాళ్ల గురించి. ధర్మవరంలో హాకీ కర్ర పట్టిన పిల్ల దగ్గుమందు అడిగితే, ఆ సీసాలో ఆటగాళ్లకు నిషిద్ధమైన టెర్బుటలిన్ ఉందో లేదో చూసేదెవరు? క్రికెటర్ పృథ్వీ షా 2019లో ఎనిమిది నెలల నిషేధం తిన్నది ఆ మందుకే. దగ్గు సిరప్పు తాగానన్నాడు. 2000 సిడ్నీలో రుమేనియా జిమ్నాస్ట్ ఆండ్రియా రాడుకాన్ జట్టు డాక్టరిచ్చిన జలుబు మాత్ర వేసుకుని బంగారు పతకం పోగొట్టుకుంది. అందులో ఉన్నది సూడోఎఫెడ్రిన్.

బీపీకి మనవాళ్లు రోజూ వేసుకునే హైడ్రోక్లోరోథయాజైడ్ కూడా ఆటగాళ్లకు నిషిద్ధమే. మూత్రాన్ని పలచన చేసి వేరే మందుల జాడ దాచిపెడుతుందని. ఉబ్బసానికి సాల్‌బ్యుటమాల్ అయితే పీల్చుకోవచ్చు, అదీ 24 గంటల్లో 1600 మైక్రోగ్రాములు దాటకుండా. అదే మాత్రగా మింగితే తప్పు. ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ వాడా వాళ్ల నిషిద్ధ మందుల జాబితా ఏటా జనవరి 1న మారుతుంది. కొత్త క్యాలెండరు మేకుకు తగిలించే శ్రద్ధ ఉన్న షాపులవాళ్లు ఆ జాబితా ఒక్కసారి చదివితే ఏం పోతుంది?

వాళ్లు అడగకపోతే మీరే చెప్పండప్పా, ఆటలాడతామని. చాదస్తపు ముసలోడంటే అనుకోండి. ఎనిమిది నెలలు ఇంట్లో కూర్చోవడం కన్నా రెండు నిమిషాలు నా సుత్తి వినడం నయం.