బాయి ఈత వేరు బావా!

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ... ఈ మూడు ఊళ్లకూ సముద్రంతో ఏ చుట్టరికమూ లేదు. మాకు తెలిసిన నీళ్లు సాగర్ ఎడమ కాల్వవి, అవి కాకపోతే బాయిలవి. అయినా ఈత గురించి మాట మొదలైతే మావాళ్లు వైజాగు జాలరిని కూడా నోరెత్తనివ్వరు. మా కోదాడ బావ సంగతి మరీను. చిన్నప్పుడు మోటబాయిలో దూకి, అడుగు మన్ను పిడికిట్లో పట్టుకొచ్చి చూపించేవాడట. సాక్ష్యానికి ఆ బాయి కూడా లేదిప్పుడు. పూడ్చి ప్లాట్లు చేశారు.

అలాంటి మనిషిని రుషికొండలో స్కూబా డైవింగుకు రమ్మంటే ఆగుతాడా? కోదాడకు రైలు లేదు, సూర్యాపేటకూ లేదు. అందుకని బావా, సూర్యాపేటలో మెడికల్ షాపు నడిపే మా దోస్తూ బస్సుల్లో మిర్యాలగూడ చేరి, నాతోపాటు విశాఖ ఎక్స్‌ప్రెస్ ఎక్కారు. ఈ దోస్తు దగ్గుమందు సీసా అందించిన చేత్తోనే సిగరెట్టు వెలిగించే రకం. నేను తాగను. రైసుమిల్లుల ఊళ్లో ఉన్నవాడికి పొగ విడిగా కొనుక్కునే అవసరమేముంది?

రైల్లో సిగరెట్టు కుదరదు కనక బావ దారి పొడుగునా ప్రసంగించాడు. "పొగ తాగెటోనికి ఊపిరి మీద పట్టుంటది బామ్మర్దీ. గుంజుతం, లోపల ఆపుతం, మెల్లగ ఇడుస్తం. నీళ్లల్ల గదే గద కావాల్సింది!"

సరిగ్గా అదే వద్దంటారు స్కూబాలో. బాయిలో మునిగేవాడు ఒడ్డు మీది గాలి పీల్చుకొని దిగుతాడు. అడుక్కి పోయినకొద్దీ నీళ్ల ఒత్తిడికి ఆ గాలి కుంచించుకుపోతుంది, పైకొస్తే మళ్లీ మొదట ఉన్నంతే అవుతుంది. ఎంత బిగబట్టినా రొమ్ముకు ప్రమాదం లేదు. సిలిండరు తగిలించుకున్నవాడి లెక్క వేరు. 10 మీటర్ల లోతున వాడు పీల్చే గాలి ఒత్తిడి పైనున్నదానికి రెండింతలు. దాన్ని లోపలే దాచుకొని పైకి తేలితే అది రెండింతలు ఉబ్బాలని చూస్తుంది, ఊపిరితిత్తి చిరుగుతుంది. అందుకే అక్కడ చెప్పే మొదటి మాట: ఊపిరి ఆపొద్దు. పొగరాయుళ్లకు మరో చిక్కుంది. వాళ్లు ఆపకపోయినా తెమడ ఆపుతుంది. శ్వాసనాళాలను ఊడ్చే సన్నటి నూగు పొగకు చచ్చుబడితే తెమడ కదలదు. దాని వెనక ఇరుక్కున్న గాలికి బయటికొచ్చే దారుండదు.

రుషికొండలో ముందు ఆరోగ్య పత్రం చేతికిచ్చారు. 45 ఏళ్లు దాటాయా, దాటితే పొగ తాగుతారా అని అందులో ఒక ప్రశ్న. అవునంటే డాక్టరు సంతకం తేవాలి. బావ పెన్ను మూత కొరుకుతూ కాసేపు సముద్రం వంక చూశాడు. తర్వాత వయసు దగ్గర 43 అని వేశాడు. పెళ్లిచూపులనాడు కూడా తగ్గించని వయసు!

మెడికల్ షాపువాడు ఊరుకున్నాడా? "అన్నా, నీ ఆధార్ కార్డు గీ సంచిల్నే ఉన్నది, తియ్యమంటవా?" అన్నాడు గట్టిగా. శిక్షకుడు కార్డు చూసి, బావను పడవలోనే కూర్చోబెట్టాడు.

దిగింది మేమిద్దరం. మామూలు సిలిండర్లో 200 బార్ల ఒత్తిడితో దాదాపు 2,200 లీటర్ల గాలి పడుతుంది. నిమిషానికి 20 లీటర్లు పీల్చేవాడికి ఒడ్డు మీదైతే అది 110 నిమిషాలు వస్తుంది. 10 మీటర్ల లోతున 55. 20 మీటర్లకు పోతే 40 కూడా రాదు. అదీ చివరిదాకా పీల్చనివ్వరు, మీటరు ముల్లు 50 దగ్గరికి వచ్చేసరికి పైన ఉండాలి. నాకేమో గుండె దడ. ఒక చేప నా కళ్లద్దంలోకి తొంగిచూసి, నచ్చక వెళ్లిపోయింది. ఆ కాసేపట్లోనే నా ముల్లు 70కి పడింది. పైకొచ్చి చూస్తే మా పొగరాయుడి ముల్లు 110 మీద నిలబడి ఉంది.

ఇక బావను పట్టగలమా? "ఏందిది బామ్మర్దీ! తాగెటోని గాలి మిగిలె, తాగని నీ గాలి ఏడబాయె?"

భయపడ్డవాడు పొగ తాగకపోయినా రొప్పుతాడు, నిదానస్తుడు తాగినా మెల్లగా పీలుస్తాడు. ముల్లుకు తెలిసిందల్లా సిలిండర్లోంచి ఎంత పోయిందన్నదే. పోయినదాంట్లో రక్తానికి ఎంత అందిందో దానికి తెలీదు. సిగరెట్టులోని కార్బన్ మోనాక్సైడు ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా హిమోగ్లోబిన్‌ను పట్టుకుంటుంది. బాగా తాగేవాళ్ల రక్తంలో 5 నుంచి 10 శాతం హిమోగ్లోబిన్ ఇలా దాని పాలబడి ఉంటుంది. మానేశాక అందులో సగం వదలడానికే నాలుగైదు గంటలు. సముద్రం నిమ్మళంగా ఉన్నన్నాళ్లూ ఇదేదీ బయటపడదు. నీటి ఉరవడికి ఎదురీదాల్సి వస్తే మాత్రం పొగరాయుడు ముందు ఆయాసపడతాడు, ఆ తర్వాత అతని ముల్లూ పరిగెత్తుతుంది.

అంతదూరం పోనక్కర్లేకపోయింది. పడవ నిచ్చెన ఎక్కగానే మా దోస్తు అంచు పట్టుకొని దగ్గు అందుకున్నాడు. కళ్లలో నీళ్లు తిరిగేదాకా దగ్గాడు. అన్ని మందులమ్మే మనిషి దగ్గర ఒక్క సీసా లేదు. బావ ప్రసంగం మధ్యలోనే ఆగిపోయింది.

ఉమ్మడి నల్గొండ జిల్లా నుంచి రుషికొండకు బయల్దేరే బావలకు ఒక మనవి. 45 దాటి, పొగ తాగేవాళ్లయితే డాక్టరు సంతకం ఇంటి దగ్గరే చేయించుకొని రండి. సూర్యాపేటలో 2019 నుంచి మెడికల్ కాలేజీ కూడా ఉంది. ఆధార్ కార్డు ఎలాగూ చూస్తారు.