అటక మీది హార్మోనియం

పోయిన ఆదివారం మా మనవరాలి పుణ్యమా అని 'లా లా ల్యాండ్' చూశాను. చూశాను అనకూడదేమో, వాయిదాల మీద చెల్లించాను. మధ్యలో రెండు ఫోన్లు, ఒక కొరియర్, ఒకసారి పకోడీలు. ఆ పిల్ల ఎప్పుడు పడితే అప్పుడు ఆపేస్తుంది, వెనక్కి తిప్పుతుంది. మా రోజుల్లో సినిమా మన కోసం ఆగేది కాదు. రీలు తెగితేనో, కరెంటు పోతేనో ఆగేది. అప్పుడు ఆపరేటర్ని నానా మాటలూ అని, ఈలలు వేసి, మళ్లీ మేమే నడిపించుకునేవాళ్లం.

మొదటి సీనే నాకు ఎక్కలేదు. లాస్ ఏంజెలెస్‌లో ఫ్రీవే మీద ట్రాఫిక్ జాము. జనం కార్లలోంచి దిగి, బానెట్లెక్కి పాటందుకున్నారు. మా ఊరి రైల్వే గేటు దగ్గర ముప్పావుగంట నిలబడ్డ రోజులున్నాయి. వేరుశనక్కాయలు కొనుక్కున్నాం గానీ బస్సెక్కి చిందులు వేయలేదు.

"అది మ్యూజికల్ తాతయ్యా, అలాగే ఉంటుంది" అంది.

మ్యూజికల్ సంగతి నాకు చెప్పొచ్చిందమ్మా! పద్యం పాడకుండా కృష్ణుడు రాయబారానికి బయల్దేరని నాటకాలు చూసి పెరిగినవాణ్ణి. వన్స్‌మోర్ అంటే చచ్చిపోయిన పాత్ర కూడా లేచి, పద్యం మళ్లీ పాడి, మళ్లీ చచ్చిపోయేది.

సరే, కథ చెబుతాను. మియా అనే అమ్మాయికి నటి కావాలని కోరిక. స్టూడియో ఆవరణలోనే కాఫీ హోటల్లో పని. ఆడిషన్లో గుండె పగిలేలా ఏడుస్తుంటే చూడాల్సినవాళ్లకి చూపు నిలవదు. సెబాస్టియన్ పియానో వాయిస్తాడు. అసలు సిసలు జాజ్ క్లబ్బు పెట్టాలని పట్టుదల. హోటల్లో క్రిస్మస్ పాటలు వాయించమంటే మధ్యలో సొంత సంగీతం వాయించి ఉద్యోగం ఊడగొట్టుకుంటాడు. ఇద్దరూ ప్రేమించుకుంటారు. చివరికి ఎవరి కల వాళ్లకి దక్కుతుంది, ఒకరికొకరు మాత్రం దక్కరు. దర్శకుడు డేమియన్ షజెల్. 2016లో సినిమా వస్తే ఆ మరుసటి ఏడు 14 ఆస్కార్ నామినేషన్లు, 6 అవార్డులు. ఉత్తమ చిత్రం ఇదేనని వేదిక మీద ప్రకటించి, వీళ్లు ధన్యవాదాలు చెప్పుకుంటుండగా, కవరు మారిపోయింది, బహుమతి 'మూన్‌లైట్'ది అన్నారట. మా రోజుల్లో పెళ్లి పందిట్లో చదివింపులు చదివేవాడు కూడా పేరు తప్పు చదివేవాడు కాదు.

"ఇది మేం 1983లోనే చూసేశామే" అన్నాను. పకోడీ పట్టుకున్న చెయ్యి ఆగింది.

'సాగర సంగమం' నేను చూసింది టౌన్లో, సైకిలు మీద ముగ్గురం వెళ్లి. టికెట్ల కిటికీలో దూర్చిన చెయ్యి బయటికొచ్చేసరికి నలిగిపోయేది. చొక్కా గుండీలు రెండు ఆ క్యూకే అంకితం. బయటికొచ్చాక పాటల పుస్తకం కొనేవాళ్లం, పేజీ అంటే అరచెయ్యంత. తర్వాత ఖాళీ క్యాసెట్టు, పాటల జాబితా పట్టుకెళ్లి రికార్డింగు షాపులో ఇస్తే వారానికి చేతికొచ్చేది. వారం ఎదురుచూసిన పాట చెవిలో కాదు, ఒంట్లో ఉండిపోయేది. ఇప్పుడు మా మనవరాలి ఫోన్లో వేల పాటలున్నాయి. ఒక్కటీ చరణందాకా రాదు, పల్లవిలోనే తోసేస్తుంది.

ఆ సినిమాలో బాలు కమల్‌హాసన్. తల్లి పెళ్లిళ్లలో వంటలు చేస్తుంది. కొడుక్కి నాట్యం తప్ప లోకం లేదు. మాధవి, అంటే జయప్రద, అతని విలువ కనిపెడుతుంది. ఓ పెద్ద నృత్యోత్సవం ఆహ్వానపత్రిక తెచ్చి చేతిలో పెడుతుంది. పెద్ద పెద్ద కళాకారుల ఫోటోలు చూస్తూ, పేజీలు తిప్పుతూ వెళ్తాడు. ఒక పేజీలో తన ఫోటో! ఆ ముఖంలో నవ్వేదో ఏడుపేదో ఇప్పటికీ నాకు తేలలేదు. తీరా ఆ రోజు వచ్చేసరికి తల్లి పోతుంది. మాధవికి అంతకుముందే పెళ్లయిందని తెలుస్తుంది. వేదికా దక్కలేదు, మనిషీ దక్కలేదు. మియా, సెబాస్టియన్లకి సగం కలైనా చేతికొచ్చింది. మా బాలుకి మిగిలింది సీసా.

దర్శకుడు విశ్వనాథ్‌గారి ధైర్యం చూడండి. ఓడిపోయినవాణ్ణి నాయకుణ్ణి చేశారు. ఇళయరాజా సంగీతానికీ, బాలసుబ్రహ్మణ్యం పాటకీ జాతీయ అవార్డులొచ్చాయి. వేటూరి పాటలు, జంధ్యాల మాటలు. ఇప్పుడు పిల్లల డాన్సు పోటీల్లో రెండో బహుమతొస్తే తల్లిదండ్రులు తగాదాకి వెళ్తున్నారు. ఓడిపోయినవాడికీ ఓ కథ ఉంటుందని చెప్పే ఓపిక ఎవరికుంది?

ఇంకోటి. కమల్‌హాసన్ సినిమా కోసం నాలుగు స్టెప్పులు నేర్చినవాడు కాదు, నటుడిగా నిలదొక్కుకోకముందు డాన్సు మాస్టరు దగ్గర అసిస్టెంటుగా చేసినవాడు. ఇదే మాట విసిరాను.

"ర్యాన్ గాస్లింగ్ కూడా నెలల తరబడి పియానో నేర్చుకున్నాడు తాతయ్యా. సినిమాలో కనిపించే చేతులు అతనివే" అంది.

గొంతు సవరించుకున్నాను. ఒక మార్కు వాళ్లకి.

అసలు ఆ సెబాస్టియన్ కుర్రాడి మీద నాకు కోపం నిలవకపోవడానికి కారణం వేరే ఉంది. నిండా ముప్పై దాటినట్టు లేడు, మాటలు మాత్రం నావే! పాత జాజ్ క్లబ్బుని సాంబా పాటల తినుబండారాల కొట్టు చేశారని ఏడుపు. ఇప్పటివాళ్లకి వినడం రాదని ఏడుపు. పాత రికార్డు అరగదీసి అరగదీసి వింటాడు. మేం నలుగురం కూర్చునే అరుగు మీద ఐదో కుర్చీ వేస్తే సరిగ్గా సరిపోతాడు. సినిమాలో కీత్ అనే బ్యాండు నాయకుడు అతన్ని నిలబెట్టి దులిపేస్తాడు. నువ్వు కొలిచే ఆ పాతవాళ్లంతా వాళ్ల కాలంలో కొత్తదనం తెచ్చినవాళ్లే, నువ్వేమో వెనక్కే చూస్తున్నావు, వినే కుర్రాళ్లే లేకపోతే ఈ సంగీతాన్ని ఏం బతికిస్తావు అని. అక్కడ ఓ పకోడీ నాకు పొలమారింది.

బాలూ సణుగుడు మనిషే కదా అని అప్పుడు తట్టింది. సినిమా మొదలయ్యేసరికి అతను తాగుబోతు విమర్శకుడు. శైలజ అనే అమ్మాయి నాట్యాన్ని పత్రికలో చీల్చి చెండాడతాడు. నిలదీయడానికి వస్తే మాటల్తో వాదించడు. పత్రికాఫీసులోనే లేచి, తప్పెక్కడుందో ఆడి చూపిస్తాడు. చివరికి ఆ అమ్మాయికే గురువై, ఆస్పత్రి మంచం మీంచి కూడా పాఠం చెప్పి, ఆమె వేదిక మీద ఆడుతుండగా చూస్తూ కన్నుమూస్తాడు. సెబాస్టియనూ అంతే. నానా తిప్పలూ పడి, ఆ క్లబ్బేదో పెట్టి చూపించాడు. సణుగుడంటే అదీ!

ఇదంతా మనవరాలికి వివరిస్తుంటే శ్రద్ధగా విని, చివర్న ఒక్క ప్రశ్న వేసింది. "నువ్వు నాటకాలకి హార్మోనియం వాయించేవాడివట కదా తాతయ్యా. నాకెప్పుడూ నేర్పలేదేం?"

గుమాస్తా ఉద్యోగం వచ్చిన ఏడు అటక మీద పెట్టాను దాన్ని. తర్వాత ట్రాన్స్‌ఫర్లు, పెళ్లి, పిల్లల ఫీజులు. బాలు లాగా ఓడిపోయానని చెప్పుకోవడానికి కూడా వీల్లేదు, బరిలోకి దిగితే కదా! అయినా ఊరి కళలన్నిటి గురించీ నలభై ఏళ్లుగా అరుగు మీద తీర్పులు మాత్రం ఇస్తున్నాను.

నిచ్చెన వేయించి దింపించాను. దుమ్ము దులిపి, బెలోస్ లాగి, షడ్జమం నొక్కాను. ఉబ్బసం మనిషి దగ్గినట్టు దగ్గింది. విప్పి చూస్తే తోలంతా ఎలుకలు కొరికేశాయి.

మా రోజుల్లో ఎలుకలకి కూడా కాస్త సంగీత జ్ఞానం ఉండేది. బాగుచేసేవాడు పక్క వీధిలోనే ఉన్నాడని, సాయంత్రం తనే స్కూటీ మీద తీసుకెళ్తానని అంటోంది మా మనవరాలు. దాని స్కూటీ వెనక కూర్చోవాలంటేనే నాకు భయం. పడిపోకుండా ఉంటే, రేపు సరిగమలు మొదలు. చరణందాకా వినడం ఎలాగో ఆ తర్వాత చెబుతాను.