అడ్మిన్ గారి కొంప

కర్నూలు, కడప పల్లెల్లో బోరు స్టార్టరు పెట్టెకు తాళం వేయని రైతు కనబడడు. నెలకు 149 రూపాయలంటూ 2017లో ఏపీ ప్రభుత్వ ఫైబర్‌నెట్ మొదలయ్యాక ఇల్లిల్లూ చేరిన వైఫై డబ్బాకు మాత్రం ఫ్యాక్టరీ పెట్టిన ‘అడ్మిన్, అడ్మిన్’ పాస్‌వర్డు అట్లే ఉంటుంది. మార్చితే ఇంటిపేరు, పక్కన 123! ‘మా ఇంట్లో ఎత్తుకుపోయేదేముంది?’ అంటారు. ఎత్తుకుపోరు, వాడుకుంటారు. 2016లో మిరాయ్ వైరస్ ఇట్లాంటి ఫ్యాక్టరీ పాస్‌వర్డులనే వరసబెట్టి కొట్టి చూసి, లక్షల కెమెరాలను, రౌటర్లను వెట్టికి పట్టి అమెరికాలో ట్విట్టర్‌నే పడుకోబెట్టింది. మీ అరుగు మీద కూర్చుని మీ వైఫైతో ఎవడే వెధవపని చేసినా పోలీసులకు ముందు కనబడేది మీ కనెక్షనే. ‘పెద్ద పాస్‌వర్డు గుర్తుండదు’ అనేది రెండో సాకు. సర్వే నంబర్లు, గట్టు తగాదా వాయిదాలు మూడు తరాలవి నోటికి అప్పజెప్పే సీమ మనిషా ఈ మాట అనేది?