పై కామాకు పసుపూ కుంకుమా

2001లో రెండు ఘనకార్యాలు జరిగాయి. మన నిజామాబాద్ జిల్లా వేల్పూర్ మండలం అయిదు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలందర్నీ పనులు మాన్పించి బడిలో కూర్చోబెట్టింది. అదే ఏడు ఇంగ్లండులోని బోస్టన్ పట్నంలో జాన్ రిచర్డ్స్ అనే విశ్రాంత పాత్రికేయుడు అపాస్ట్రఫీని, అదే, అక్షరాల నెత్తిన వేలాడే కామాను కాపాడటానికి ఏకంగా ఓ సంఘం పెట్టాడు. మన పిల్లలు బడిలోనే ఉన్నారు. ఆయన మాత్రం 2019లో, తొంభై ఆరేళ్ల వయసులో, ఇక ఈ జనం బాగుపడరని సంఘం మూసేశాడు. ఇంగ్లీషును ఉగ్గుపాలతో తాగినవాళ్లనే దిద్దలేకపోయాడు పాపం!

ఈ కబురు మన కాన్వెంట్లకు ఇంకా అందలేదు. కామా ఉన్న ఇట్స్, లేని ఇట్స్ తారుమారైతే పిల్ల నోటుబుక్కులో ఎర్రసిరా వరద. దొరబిడ్డ చెవితో నేర్చాడు, చెవికి రెండు ఇట్స్‌లూ ఒక్కటే గనక తప్పుతాడు. కుడ్ హ్యావ్ గొంతులో నలిగి కుడ్ ఆఫ్‌లా వినబడితే అదే రాసిపారేస్తాడు. మన పిల్లకు అసలా కామా ఎందుకుందో చెప్పిన పాపాన ఎవరూ పోలేదు.

చెప్పడానికి కావలసిన సరుకంతా పక్కనున్న తెలుగు పీరియడ్‌లోనే పడి ఉంది. వాడు, ఎక్కడ కలిస్తే వాడెక్కడ. ఉకారం లోపించింది, మార్కు పడింది. ఇట్, ఈజ్ కలిసినా అంతే. పోయిన అచ్చు చోట పాతిన రాయి ఆ కామా. విడదీసి చదువు: ఇట్ ఈజ్ అని అతికితే కామా పెట్టు. అతక్కపోతే అది 'దాని', షష్ఠీ విభక్తి, కామా జోలికి పోకు. యువర్, యు ఆర్ గొడవా ఇంతే. (వోంట్ మాత్రం విల్ నాట్‌గా విరగదు. అది వెనకటి వోల్ నాట్ వదిలిపోయిన దయ్యం.)

ఇక మన సొంత జబ్బు, డిడింట్ వెంట్. ఆర్మూర్ మార్కెట్లో ఎవడైనా "పోయిండు లే" అంటాడా? "పోలే" అంటాడు. జరిగిన కాలమంతా 'లే' నెత్తిన పెట్టి 'పో'ను ఉత్త చేతులతో పంపుతాడు. ఇంగ్లీషులో ఆ మోత డిడ్‌ది. గో ఊరికే వెంట నడవాలి. బడి మొహం చూడని హమాలీకి నోటికొచ్చిన ఈ సూత్రాన్ని మూడు గళ్ల పట్టికగా గీసి, గో వెంట్ గాన్ అని పిల్లచేత జపం చేయిస్తున్నాం.

2022-23 నుంచి సర్కారు బళ్లలోనూ ఇంగ్లీషు మీడియమే. మంచిదే, నేర్వనీ. కానీ ఇంగ్లీషు పీరియడ్‌లో 'సంధి' అంటే తెలుగు మాట్లాడినట్టు. కొన్ని కాన్వెంట్లలో దానికి జరిమానా కూడా. పసుపు బోర్డు కోసం 2019లో 178 మంది రైతులు ఎంపీ ఎన్నికకు నామినేషన్లు వేసి నిలబడ్డ జిల్లా ఇది. ఇట్స్ ఏమిటో పిల్లకు తెలుగులో చెప్పండయ్యా అని ఒక్క నామినేషనూ పడలేదు.