వరుస తప్పొద్దు, టికెట్టు కొంటే తప్పొచ్చు

ఆ మర్యాదల కాగితం మీ ఇంటికీ వచ్చే ఉంటుంది. బడిలో అమ్యూజ్‌మెంట్ పార్కు ఎక్స్‌కర్షన్ ఫీజు రసీదుకి పిన్ను కొట్టి పంపుతున్నారే, అదే. అరవకూడదు, తోసుకోకూడదు, వరుస తప్పకూడదు, తిన్న కవరు కింద పడేయకూడదు, పార్కు సిబ్బందికి థాంక్స్ చెప్పాలి. అడుగున తల్లిదండ్రుల సంతకం. పిల్లాడికి లెక్కలు వస్తున్నాయో లేదో చెప్పడానికి ఏడాది పొడుగునా ఒక్క ముక్క రాయని బడి, వాడు నీళ్లజారుడు మీద ఎలా నవ్వాలో చెప్పడానికి మాత్రం రంగుల్లో అచ్చేయించింది.

అందులో ఒక వాక్యం నాకు బాగా నచ్చింది. ‘పల్లెటూరి అలవాట్లు ప్రదర్శించరాదు.’ శావల్యాపురంలో పుట్టి పెరిగినవాణ్ణి, ఆ అలవాట్లేమిటో కాస్త చెబితే మానుకుంటాను. ఎదురైన పెద్దాయన్ని ‘ఏం మావా, బాగున్నావా’ అనడమా? రైల్లో పక్కన కూర్చున్నవాళ్లకి పెట్టకుండా జంతిక నోట్లో వేసుకోలేకపోవడమా? ఆ రెండోదైతే పార్కువాళ్లే మాన్పిస్తారు. బయటి తిండి లోపలికి రానివ్వరుగా. తెల్లారుజామున లేచి కలిపిన పులిహోర డబ్బా గేటు బయటే ఆగిపోతుంది.

రైడు మధ్యలో ఆగితే కేకలు వేయరాదని కూడా ఉంది. 2025 జనవరిలో నాంపల్లి నుమాయిష్‌లో ఒక రైడు తలకిందులుగా ఆగిపోయి జనం గాల్లో వేలాడారు. వాళ్లు అరిచే ఉంటారు. మర్యాద తెలియని మనుషులు!

సరే, అసలు సంగతికొస్తాను. వరుస. కాగితంలో దానికి కింద గీత కూడా గీశారు. వరుసలో నిలబడటం సంస్కారమట, ముందువాణ్ణి దాటిపోవడం అనాగరికమట. ఒప్పుకుంటాను. ఒకడు ముందు నిలబడి, తీరా తన వంతు వచ్చేసరికి ‘మావాళ్లండీ’ అంటూ పద్నాలుగు మందిని పిలుచుకునే రకాన్ని చూస్తే నాకూ ఒళ్లు మండుతుంది. మరి అదే పార్కు కౌంటర్లో రెండు రకాల టికెట్లెందుకు అమ్ముతున్నారు?

నిరుడు మేనల్లుణ్ణి తీసుకుని ఒక పార్కుకి వెళ్లాను. పేరెందుకు, అన్నీ ఒక తానులో ముక్కలే. మెలికలు తిరిగిన ఇనప కమ్మీల మధ్య నిలబడ్డాం. తడిసిన నైలాన్ బట్టలు ఒంటికి అంటుకుపోతున్నాయి. కమ్మీ పట్టుకుంటే చెయ్యి చుర్రుమంటోంది. గంటకి పైగా జరిగి జరిగి, ఇంకో ఇద్దరెక్కితే మా వంతు అనగా గేటు దగ్గరి కుర్రాడు చెయ్యి అడ్డం పెట్టాడు. పక్క దారిలోంచి ఒక కుటుంబం వచ్చింది. చేతులకి వేరే రంగు పట్టీలు, చెమట పట్టని మొహాలు. ఎక్కారు, వెళ్లారు.

“మావయ్యా, వాళ్లు మనకన్నా వెనకొచ్చారు గదా?”

“వాళ్లు కొన్న టికెట్టు వేరేరా.”

“అయితే వరుస తప్పినట్టు కాదా?”

ఎమ్మే చదివాను, వాడికి జవాబు చెప్పలేకపోయాను. కాగితం రాసిన మేధావి చెప్పగలడేమో.

ఇది మన దగ్గర పుట్టిన తెలివి కాదు. 1955లో కాలిఫోర్నియాలో డిస్నీలాండ్ తెరిచిన కంపెనీ, 1999లో ఫాస్ట్‌పాస్ అని పెట్టింది. అప్పుడది ఉచితం. ఎవరైనా తీసుకోవచ్చు, చెప్పిన టైముకి రావచ్చు. 2021 వచ్చేసరికి దాన్ని ఎత్తేసి, ముందు వెళ్లే దారిని డబ్బుకి అమ్మడం మొదలుపెట్టారు. మన రావిర్యాలలో 2016లో తెరిచిన వండర్‌లాలోనూ మామూలు టికెట్టు వేరు, ఫాస్ట్‌ట్రాక్ టికెట్టు వేరు. దాపరికమేం లేదు, ధర రాసి మరీ అమ్ముతారు.

పెళ్లిలో చదివింపులు ఎక్కువ రాయించినవాడికి మొదటి బంతి, తక్కువ రాయించినవాడికి మూడో బంతి అని గుమ్మం దగ్గర బోర్డు పెడితే, ఆ పెళ్లివారి మొహాన ఉమ్మేయమూ? ఇక్కడ మాత్రం దానికి ‘సౌకర్యం’ అని పేరు. పైగా వెనక నిలబడ్డవాడు ఓర్పుగా, నవ్వు మొహంతో నిలబడాలట. అక్కడే నాకు కాలింది. రైడు ఒకటే, సీట్లు అవే. డబ్బున్నవాడికి మిగిలిన గంట ఎక్కణ్ణుంచి వస్తుంది? మా పిల్లాడి గంటలోంచే. వాడి టైము తీసుకెళ్లి ఇంకొకడికి అమ్ముకుని, వాడికే మర్యాద నేర్పడం ఏం పద్ధతి? సిగ్గుండాలి.

కొండ మీదే లేదా అంటారు. ఉంది. తిరుమలలో ప్రత్యేక ప్రవేశ దర్శనం 300 రూపాయలు, శ్రీవాణి ట్రస్టుకి పదివేలు విరాళమిస్తే బ్రేక్ దర్శనం. దేవుడి దగ్గరే అలవాటు చేశారు కాబట్టి జెయింట్ వీల్ దగ్గర ఎవడూ నోరెత్తడం లేదు.

ఇక పల్లెటూరివాళ్లకి గుంపులో మసలడం రాదన్నవాళ్లు ఒక్కసారి శివరాత్రికి కోటప్పకొండ రండి. ఊళ్లనుంచి ఆకాశమంత ప్రభలు కదిలొస్తుంటే కరెంటు ఆపుతారు, జనం వాళ్లంతట వాళ్లే రెండు పక్కలకీ తప్పుకుంటారు. ఎవడూ ముందురోజు కాగితం మీద సంతకం చేసి రాడు. తిరనాళ్లలో తోపులాట లేదనను. కాలు తొక్కించుకున్నాను, జేబూ కొట్టించుకున్నాను. రంగులరాట్నం దగ్గర, కొలంబస్ దగ్గర పెద్ద మనిషిగారి బావమరిదిని ముందెక్కించిన సందర్భాలూ చూశాను. కానీ ఎక్కించినవాడు తల దించుకుని ఎక్కించాడు, వెనకున్నవాళ్లు నోటికొచ్చింది తిట్టారు, ఎక్కినవాడు దిగాక ఎవరి మొహమూ చూడకుండా పోయాడు. అది తప్పని ముగ్గురికీ తెలుసు. దానికి రేటు కట్టి, రసీదు ఇచ్చి, చేతికి పట్టీ చుట్టే నాగరికత ఇంకా మాదాకా రాలేదు.

వస్తుంది లెండి. ఏదో ఒక శివరాత్రికి కొండ కింద రాట్నం దగ్గర కూడా రెండో కిటికీ తెరుస్తారు. తెరవనీండి. దాని ముందు మా శావల్యాపురం కుర్రాళ్లు మాట్లాడబోయే మాటలు ఇక్కడే రాద్దును గానీ, ఎడిటరుగారు ఒప్పుకోరు.