0.05 స్వామి మహిమలు

పొందూరు ఖద్దరు మీద పరిశోధన గ్రంథం రాయడం ఇప్పుడు ఖద్దరు నేసినంత కష్టమేమీ కాదు. ‘పూర్తిగా అంగీకరిస్తాను’ నుంచి ‘అస్సలు అంగీకరించను’ దాకా అయిదు గళ్లు గీసి, నూటయాభై మందికి ప్రశ్నావళి పంచితే సగం పని అయినట్టే. ‘కొనేవారి వయసుకూ సంతృప్తికీ సంబంధం లేదు’ అని ఒక శూన్య పరికల్పన నిలబెట్టాలి. లేదని ఎవరన్నారని అడక్కూడదు, పడగొట్టడానికే కదా నిలబెట్టింది! మీట నొక్కగానే p-విలువ 0.05 గీత కిందకు, అంటే 0.043 వస్తే పరికల్పన ఢమాల్, సంబంధం ‘సార్థకం’, అభ్యర్థి డాక్టరు. ఖర్మకాలి 0.057 వచ్చిందా, వయసు వర్గాలు అటూ ఇటూ జరిపి, తిక్క జవాబులిచ్చిన ఇద్దరు ముగ్గుర్ని తప్పించి, స్వామి కరుణించేదాకా మళ్లీ మళ్లీ నొక్కడమే. వలుగ చేప దవడతో పత్తి ఏకి, రాట్నం మీద వంద కౌంటు నూలు తీసే మనిషి మాత్రం ఆ గ్రంథంలో ‘సమాధానదాత 37’.

ఇంతకీ ఈ 0.05 పరీక్ష చెప్పేదెంత? రాట్నం నూలు గుడ్డేదో, మిల్లు గుడ్డేదో కళ్లు మూసుకుని తడిమి చెప్పేస్తానని ఒకరు పందెం కాశారనుకుందాం. నాలుగు ఇవీ, నాలుగు అవీ కలిపి ముందు పెట్టి, రాట్నం ముక్కలు నాలుగూ ఏరమనండి. ఏ నేర్పూ లేనివాడు గుడ్డిగా ఏరినా నాలుగూ సరిపోయే అవకాశం డెబ్బైలో ఒకటి. మూడైనా సరిపోయే అవకాశం డెబ్బైలో పదిహేడు, అంటే నూటికి ఇరవై నాలుగు. కాబట్టి ఒక్క ముక్క తప్పినా పందెం తేలనట్టే. 1935లో గణాంకవేత్త రోనాల్డ్ ఫిషర్ టీ కప్పులతో వేసిన లెక్క ఇదే. నేర్పే లేకపోతే ఇలాంటి ఫలితం ఎంత అరుదో అది చెబుతుంది, అంతే. నేర్పు ఉండే అవకాశం డెబ్బైలో అరవై తొమ్మిదని చెప్పదు. మన గ్రంథాలు చదివేది సరిగ్గా ఆ చెప్పనిదాన్నే. పైగా ఎక్కడా ఏ సంబంధమూ లేని చోట విడివిడిగా ఇరవై పరీక్షలు చేసినా, ఒక్కటైనా 0.05 గీత దాటే అవకాశం నూటికి అరవై నాలుగు. దాటినదాన్ని అచ్చేసి తక్కినవాటిని అటకెక్కిస్తే స్వామి మహిమకు లోటేముంది?

హద్దంటూ లేకపోతే ఎవరికి తోచింది వారు రుజువైందంటారు కదా అని గైడుగార్లు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కానీ 1925లో ఆ హద్దును సౌకర్యం కోసం పెట్టిన ఫిషరే, అన్ని సందర్భాలకూ ఒకే హద్దు పట్టుకు వేలాడే శాస్త్రజ్ఞుడు ఉండడని 1956లో రాశాడు. ఆ గీత దాటినంత మాత్రాన తేల్చేయవద్దని అమెరికన్ స్టాటిస్టికల్ అసోసియేషన్ 2016లో ప్రకటనే చేసింది. మనకు చెప్పేవాళ్లు లేకపోయారనడానికీ వీల్లేదు. ఫిషర్ దగ్గర డాక్టరేటు చేసిన గణాంకవేత్త సి.ఆర్. రావు మన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివినవారే. గీత దాటనిదాన్ని లేనట్టే తీసుకోవడం ఈ పూజలో రెండో అపచారం, ఇంకా ప్రమాదకరం. పొందూరు ఉన్న జిల్లాలోనే, ఉద్దానంలో కిడ్నీ జబ్బుకు మూలకారణం ఇప్పటికీ తేలలేదు. అక్కడ పాతిక ముప్పై మందిని చూసి నీటికీ జబ్బుకూ ‘సార్థక సంబంధం లేదు’ అని ఎవరైనా రాస్తే, పై అధికారి దాన్ని ‘నీళ్లు మంచివే’ అని చదువుకుంటాడు. చిన్న నమూనాకు దొరకనిదల్లా లేనట్టేనా?

పరీక్షాధికారులకు ఒక మనవి. ఈసారి వైవాలో 0.05 సంగతి వదిలేసి రెండే అడగండి: తేడా ఎంత? మొత్తం ఎన్ని పరీక్షలు చేశావు?